నీరడి పార

కంచెగూడెం ప్రాథమిక పాఠశాల గోడ మీద ఇప్పటికీ ఊరి పేరుకు ముందు 'గ్రామం' అనే రాసి ఉంటుంది. గోడకు అటువైపు ఇరవై అంతస్తుల అద్దాల బిల్డింగు. మధ్యాహ్నం రెండింటికి దాని మీద పడ్డ ఎండ తిరిగివచ్చి ఐదో తరగతి బోర్డు మీద పడుతుంది. ఆ పావుగంటసేపు బోర్డు మీద ఏం రాసినా ఎవరికీ కనబడదు. అందుకని ఆ పావుగంట భార్గవి టీచరు పిల్లల చేత మాట్లాడిస్తుంది.

పింకీ పరువు పోయింది ఆ పావుగంటలోనే.

టీచరుది తణుకు వైపు. ఆ వారం సాంఘిక శాస్త్రంలో ఊరి పాలన పాఠం ఎత్తుకుని, రెండు పేజీలు చదివి, పుస్తకం మూసేసింది. పుస్తకంలోని ఊళ్లో పొలాలున్నాయి, పంచాయతీ ఆఫీసు ముందు అరుగుంది. ఈ ఊళ్లో అవి రెండూ లేవు. ఇంటికి వెళ్లి పెద్దవాళ్లను అడగమంది: మనం నిలబడ్డ చోట ఇదివరకు ఏముండేది, ఎవరి మాట చెల్లేది. ఏదైనా వస్తువు దొరికితే తెమ్మంది. పుస్తకం మన ఊరిని రాయలేదు కాబట్టి మనమే రాసుకుందాం అని కూడా అంది.

మర్నాడు ఒకడు వడ్లు కొలిచే తవ్వ తెచ్చాడు. ఒకతె పసుపు రంగుకు తిరిగిన రేషన్ కార్డు తెచ్చింది. పింకీ భుజం మీద పార వేసుకుని వచ్చింది. తన తాత నర్సింహ ఊరికి నీరడి అనీ, చెరువు తూము ఎత్తి దించేది ఆయనేననీ, ఎవరి మడికి ఎంత నీరు పోవాలో ఆయన చెప్పిందే లెక్కనీ చెప్పింది. ఆయన ఈ పార కాలువకు అడ్డంగా పెట్టాడంటే ఇక ఆ పక్కకు చుక్క పోయేది కాదని, పటేల్ అంతటివాడు కూడా పార దాటేవాడు కాదని చెప్పింది.

రాకేష్ లేచాడు. వాళ్లది పాలమూరు వైపు. నాన్న క్యాబ్ నడుపుతాడు. పింకీ వాళ్ల గల్లీలోనే కిరాయికి ఉంటారు.

"మీ తాత గా అద్దాల బిల్డింగు గేటు కాడ ప్రతి కారుకు సలాం కొడ్తడు. నేను రోజు సూస్త. ఆయన పటేల్‌ను ఆపిండా?"

తరగతి మొత్తం నవ్వింది. పార తమ ఇంట్లో కూడా ఉందని, దాంతో సిమెంటు కలుపుతారని రాకేష్ అన్నాక ఇంకా నవ్వింది. టీచరు నవ్వలేదు. చరిత్ర అన్నాక చెబితే చాలదు, సాక్షి ఉండాలి, లేదా ఆనవాలు ఉండాలి అంది. ఆమె అది పాఠంగానే చెప్పింది. పింకీకి మాత్రం 'నువ్వు అబద్ధమాడావు' అన్నట్టు వినబడింది.

ఆ సాయంత్రం పింకీ అన్నం ముట్టలేదు. సంగతి నానమ్మ కిష్టమ్మకు చెప్పింది. కిష్టమ్మ మరో రెండు అవమానాలు తన వంతుగా కలిపి నర్సింహకు చెప్పింది. నర్సింహ రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ నాలుగింట్లో మూడు గేటు కాడి డ్రైవర్లకే పోతాయి. యూనిఫాం చొక్కా విప్పి మేకుకు తగిలిస్తూ, "నిజమే గద" అన్నాడు.

"ఏది నిజం? సలామా, పటేలా?" అని అడిగింది పింకీ.

"రెండు."

ఆ జవాబు ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. సాక్షి కావాలి. నర్సింహ మంచంలో పడుకుని ఆలోచించాడు. పటేల్ పోయాడు. పటేల్ కొడుకులు భూములమ్మి ఎవరి దారిన వాళ్లు పోయారు. చెరువు సగం మిగిలింది, దాని చుట్టూ కంచె వేసి నడక బాట పోశారు. తూము ఆ బాట కింద ఎక్కడో ఉంది. నలభై ఎకరాల ఆయకట్టు మీద ఇప్పుడు అద్దాలు మొలిచాయి. పింకీ చెప్పింది నిజమనడానికి ఆయన అరచేతిలోని కాయలు తప్ప ఏమీ లేవు. అవి కూడా గేటు కాడి ఈ ఎనిమిదేళ్లలో మెత్తబడ్డాయి.

టీచరు ఊరుకోలేదు. అద్దాల బిల్డింగు వాళ్లకు ఉత్తరం రాసింది. చెరువు, ఆయకట్టు మొత్తం పైనుంచి ఎలా ఉంటాయో పిల్లలకు చూపిస్తామని, గురువారం తొమ్మిదిన్నర నుంచి పది వరకు ఇరవయ్యో అంతస్తు డాబా మీదికి రానివ్వమని అడిగింది. వాళ్లు సరేనన్నారు. సోమవారం నుంచే తరగతికి పాఠాలు ఎక్కడం మానేశాయి. లిఫ్టులో కడుపులో ఏమవుతుందో మాల్‌లో ఎక్కి వచ్చిన మమత అందరికీ చేసి చూపించింది. ఇద్దరు బల్లల మీది నుంచి దూకి అది అభ్యాసం అన్నారు.

ఆయకట్టులోని మళ్ల పేర్లు కావాలని టీచరు పింకీతో కబురు పెట్టింది. నర్సింహ వాకిట్లో కూర్చుని, తూము దగ్గర నుంచి నీరు పోయే వరసలో ఇరవై రెండు పేర్లు ఆగకుండా చెప్పాడు. ఊట మడి, పటేల్ పెద్దమడి, కుమ్మరోళ్ల మడి, రేగడి చెక్క, తుమ్మ మడి, మల్లమ్మ మడి, అలా తోకమడి దాకా. అన్నింటికన్నా చివరన నీరడి మాన్యం, దాని వంతూ ఆఖర్నే. అది ఊరు ఆయన తాతలకు పనికి బదులుగా ఇచ్చిన మడి. రాస్తున్న పింకీకి చెయ్యి నొప్పి పుట్టింది. ఆయన ఒకే రోజు అన్ని మాటలు మాట్లాడటం కిష్టమ్మ పెళ్లయ్యాక వినలేదు.

పిల్లలు ఆ పేర్లు అట్టముక్కల మీద రాసి దారం కట్టి మెడలో వేసుకున్నారు. డాబా మీద వరసగా నిలబడి నీళ్లాట ఆడాలని ఏర్పాటు: నర్సింహ చెప్పిన లెక్కన నీళ్లు ముందు తోకకు, తర్వాత ఒక్కో మడి వెనక్కి. చీట్లు తీస్తే రాకేష్‌కు ఊట మడి వచ్చింది. మమతకు తోకమడి. పింకీ చీటీ తియ్యకుండానే మాన్యం అట్ట తీసుకుంది.

బుధవారం రాత్రంతా వాన. పొద్దున్నే నర్సింహ డ్యూటీకి వెళ్లేసరికి ఆరు లిఫ్టుల్లో నాలుగు పడకేశాయి. వాటి గుంతల్లోకి నీళ్లు దిగాయి. నర్సింహ ఆశ్చర్యపోలేదు. లిఫ్టులున్న చోటే పాత కాలువ కుడికి మళ్లేది. నీళ్లు దారి మరవలేదు, అంతే. బిల్డింగు మేనేజరు సాయిచంద్ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తిరుగుతున్నాడు. పిల్లలు నీకు తెలిసినవాళ్లు కాబట్టి గేటు వేరేవాళ్లకిచ్చి లోపల నిలబడమని నర్సింహతో చెప్పాడు.

తొమ్మిది దాటాక మెట్రో దిగిన జనం, బస్సులు దిగిన జనం కలిసి వచ్చి ఆ రెండు లిఫ్టుల ముందు పడ్డారు. మూడువందల మంది ఉంటారు. తలుపు తెరుచుకోగానే ముందున్నవాళ్లు దూరేవాళ్లు. అందులో ఒకరు రెండో అంతస్తు, ఒకరు మూడు, ఒకరు ఐదు. లిఫ్టు ప్రతి అంతస్తులో ఆగి, సగం దాకా పోయి, మళ్లీ కిందికి వచ్చేది. ఇరవయ్యో అంతస్తుకు పోవాల్సిన ఒక అమ్మాయి, చేతిలో టిఫిన్ సంచి, మూడుసార్లు తలుపు దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కి నెట్టబడింది. నర్సింహ గోడకు ఆనుకుని అదంతా చూశాడు. తూము పక్కవాడు తన మడి నిండి పొర్లుతున్నా గండి పూడ్చడు. తోకలో వాడి నారు ఎండుతుంది. సరిగ్గా అదే. చొక్కాలు మారాయి, మెడలో కార్డులు వచ్చాయి. ఆయన అరచేతులు దురద పెట్టాయి.

అప్పుడే పిల్లలు వచ్చారు. ముందు టీచరు, వెనక మెడల్లో మళ్లతో ఇరవై ఒక్క మంది, అందరి వెనక భుజం మీద పారతో పింకీ. ఆనవాలు అడిగారు కాబట్టి అది లేనిదే రానని మొండికేసింది. ఆ నున్నటి రాతి నేల మీద పిల్లల చెప్పులు కిచకిచమన్నాయి. ఒకడు జారి చూశాడు, బాగుంది, ఇంకో నలుగురు జారారు.

సాయిచంద్ చేతులూపుతూ వచ్చి, వీళ్లను ముందు పంపించేస్తే ఒక పని అయిపోతుందన్నాడు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. పిల్లలు ఒక్క దూకు దూకబోయారు. వెనకనుంచి జనం ఒక్క తోపు తోశారు.

నర్సింహ పింకీ భుజం మీది పార తీసి లిఫ్టు గడపకు అడ్డంగా పెట్టాడు.

ఆలోచించి పెట్టలేదు. చెయ్యి పెట్టింది. ఇనుము రాతి మీద ఠంగుమంది. మూడువందల మంది ఆగారు. అది గౌరవం కాదు. ఆ హాల్లో పారను ఎవరూ ఎప్పుడూ చూడలేదు, దాంతో ఏం చేస్తారో తెలియదు. ఆ ఆగిన క్షణంలోనే నర్సింహ నోరు తెరిచాడు. కట్ట మీద నిలబడి పిలిస్తే తోకమడిలో ఉన్నవాడికి వినపడిన గొంతు అది. ఎనిమిదేళ్లుగా ఆ బిల్డింగులో ఎవరూ వినలేదు.

"తోక ముందుగాల. ఇరవై, పందొమ్మిది, పద్దెనిమిది ముంగటికి రండ్రి. కడమోళ్లు ఒడ్డు మీద నిలవడుండ్రి. ఎవరి వంతు వాళ్లకొస్తది."

ఎవరికీ అర్థం కాలేదు. పిల్లలకు అయింది. నాలుగు రోజులుగా వాళ్లు అదే ఆట నేర్చుకుంటున్నారు. మమత పరుగున పోయి ఒక స్తంభం పక్కన నిలబడి, తాను తోకమడినని, ఇరవయ్యో అంతస్తు వాళ్లంతా తన వెనక రావాలని ప్రకటించింది. టిఫిన్ సంచి అమ్మాయి అందరికన్నా ముందు వచ్చి నిలబడింది. తుమ్మ మడి పన్నెండో అంతస్తయింది. మల్లమ్మ మడి పదిహేను. పిల్లలు అంతస్తులు పంచుకుంటుంటే టీచరు మొదట వాళ్లను ఆపబోయి, తర్వాత చీర కొంగు నడుముకు దోపి తానే వరసలు సరిచేసింది. అంతస్తు దొరకని పిల్లలు చేతులు చాచి ఒడ్లయ్యారు.

"ఏయ్, నేను తొమ్మిది. నాదేం మడి?" అని ఒక గడ్డం అబ్బాయి అడిగాడు.

"రేగడి చెక్క. గా నీలం అంగి పిల్ల ఎన్క పో" అంది పింకీ.

"ఎరువేశారా?"

"ముందు లైన్ల నిలవడు, తర్వాత ఏస్తం."

నవ్వులు మొదలయ్యాయి. నర్సింహ తలుపు దగ్గర పద్నాలుగు మందిని వేలితో లెక్కబెట్టి, పార ఎత్తి, లోపలికి వదిలి, మళ్లీ పెట్టాడు. లిఫ్టు ఎక్కడా ఆగకుండా నేరుగా పైకి పోయి నేరుగా దిగింది. రెండోదీ అంతే. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటున్నారు. ఎవరో మల్లమ్మ మడికి జై అన్నారు. తుమ్మ మడి వాళ్లు ఊరుకుంటారా.

నాలుగో అంతస్తు లోపు వాళ్ల సంగతి తేలలేదు. నర్సింహ రాకేష్ మెడలోని అట్ట చూసి, "ఊట మడి. మెట్లు" అన్నాడు. ఆ రెండు మాటలను పెద్దవాళ్లకు విప్పి చెప్పే పని రాకేష్ మీద పడింది. ముందువాళ్లను ఎలాగో మెట్లవైపు తిప్పాడు. అప్పుడు వచ్చాడు చలపతిరావు. మూడో అంతస్తు. కంపెనీకి పెద్ద. ఆయన కారు గేటు దగ్గరికి వస్తుంటే నర్సింహ రోజూ నిటారుగా నిలబడి సలాం కొడతాడు.

"సార్, మీకు లిఫ్టు రాదు. మీది ఊట మడి" అన్నాడు రాకేష్, మెడలోని అట్ట చూపిస్తూ.

"ఊట ఏంటి బాబూ?"

"కట్ట కిందనే ఉంటది సార్. తూము ఎత్తకున్నా తడి ఉంటది. దూరపోళ్లకు కాళ్లు సాలవు, మీకు సాల్తయి. గా తాత ఇయ్యడు సార్, నేనేం జేయాలె."

సాయిచంద్ జనంలోంచి ఈదుకుంటూ వచ్చాడు. సార్‌ను ముందు పోనివ్వమన్నాడు. పార తియ్యమన్నాడు. ఎవరి దగ్గర పని చేస్తున్నావో తెలుసా అన్నాడు. హాలు మొత్తం అటు తిరిగింది. పింకీ ఒక అడుగు తాత వైపు జరిగింది. రాకేష్ కూడా.

నర్సింహ చలపతిరావును చూశాడు. ఎనిమిదేళ్ల అలవాటు, కుడి చెయ్యి దానంతటదే నుదుటి దాకా లేచింది. ఎడమ చెయ్యి పార కర్ర మీద ఉంది. అది కదలలేదు.

"సలాం సార్. వంతు మీది కాదు."

చలపతిరావు పారను చూశాడు, ఆ చేతిని చూశాడు, మెడల్లో మళ్లు వేసుకున్న పిల్లలను చూశాడు. ఆయన ముఖంలో ఏదో పాత దీపం వెలిగింది.

"మా ఊళ్లో లాకుల దగ్గర కాలువ నీళ్లు వదిలే లస్కరు ఒకాయన ఉండేవాడండీ" అన్నాడు, టీచరు వైపు తిరిగి. "మా నాన్నగారు ఊరందరి మీదా అరిచేవారు. ఆ లస్కరు దగ్గరకెళ్తే మాత్రం చెప్పులు విడిచి నిలబడేవారు." తర్వాత సాయిచంద్ భుజం తట్టి, "పదవయ్యా, నీది కూడా ఊట మడే" అని మెట్లవైపు నడిచాడు. వెనక యాభై మంది కదిలారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకటో అంతస్తు మలుపు దగ్గర ఆయన ఆయాసంగా ఆగి కిందికి చెయ్యి ఊపితే ఇంకా గట్టిగా కొట్టారు.

పది గంటలకు ఐదు నిమిషాలు తక్కువ ఉండగా హాలు ఖాళీ అయింది. పిల్లలు మాత్రం మిగిలారు. గోడ మీది గడియారం చూసి పింకీకి ఏడుపొచ్చింది. ముందొచ్చింది తాము, పిలిపించుకున్నది తాము, ఇప్పుడు ఐదు నిమిషాల్లో డాబా ఎక్కేదెప్పుడు, చూసేదెప్పుడు. సొంత తాత ఉండి ఏం లాభమని అడిగింది.

నర్సింహ వంగి ఆమె మెడలోని అట్టను వేలితో తట్టాడు.

"గిదెప్పుడు తాగుతది?"

పింకీ అట్ట తిప్పి చూసుకుంది. "ఆఖర్న" అంది.

"నాది ముందుగాల తడుపుకుంటె నా పార ఎవడు సూస్తడు బిడ్డా."

భార్గవి టీచరు సంచిలోంచి పుస్తకం తీసి, ఊరి పాలన పాఠం ఖాళీ మార్జిన్‌లో ఆ మాట రాసుకుంది. పది దాటితే దాటిందని, సాయిచంద్‌తో తాను మాట్లాడతానని అంది. సాయిచంద్ ఇంకా మూడో అంతస్తు నుంచి దిగలేదు.

లిఫ్టులో పది మంది కేకలు పెట్టారు, ఇద్దరు నేల మీద కూర్చున్నారు. చెవులు మూసుకుపోయాయని ఒకడు, తెరుచుకున్నాయని ఒకడు. మమత చూపించిన దానికన్నా కడుపులో చాలా ఎక్కువే అయింది. నర్సింహ గోడ కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన గేటు దాటి పైకి రావడం అదే మొదలు.

డాబా మీద గాలి అట్టలన్నింటినీ పైకి లేపి మొహాలకు కొట్టింది. కింద సగం చెరువు రాత్రి వానకు ఎర్రగా నిండి ఉంది. నర్సింహ ఆ నేలను మోకాటి లోతు బురదలోంచి చూసినవాడు. పక్షి చూసినట్టు ఎప్పుడూ చూడలేదు. చూడగానే వరస దొరికింది. కార్లు నిలిపిన బారు ఎక్కడైతే వంకర తిరిగిందో కాలువ అక్కడే వంకర తిరిగేది. రోడ్డు ఎందుకలా అడ్డదిడ్డంగా పోయిందో ఇంజనీర్లకు తెలియకపోవచ్చు, అది కుమ్మరోళ్ల మడి గెట్టు. ఒక్కొక్కరి అట్ట చదువుతూ ఒక్కొక్కరి మడి చూపించాడు. రేగడి చెక్క మీద కాఫీ దుకాణం ఉంది. తుమ్మ మడి మీద ఫ్లైఓవర్ స్తంభం నిలబడింది. పటేల్ పెద్దమడి బస్సుల అడ్డా.

"నాదేది తాతా?" అని రాకేష్ అడిగాడు. రోజూ 'మీ తాత' అనేవాడు.

"నీ కాళ్ల కింద. సక్కగ కిందికి పోతె, ఇందాక నువ్వు నిలవడ్డ జాగ."

రాకేష్ నేలను చూసుకుని ఒక అడుగు పక్కకు జరిగాడు, ఏదో తొక్కుతున్నట్టు.

పిల్లలు నీళ్లాట మొదలెట్టారు. తూము అయినవాడు చేతులెత్తాడు. నీళ్లయినవాళ్లు అరుచుకుంటూ డాబా ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికి మమత మీద పడ్డారు. నర్సింహకు తల తిరిగినట్టయింది. పిట్టగోడ పట్టుకుని నిలదొక్కుకున్నాక తెలిసింది, అది కళ్లు తిరగడం కాదు, నవ్వు. ఎక్కడో కడుపులో మొదలై భుజాల దాకా వచ్చింది. పింకీ అది చూసి టీచరుకు చూపించింది.

పావు తక్కువ పదకొండుకు సాయిచంద్ పైకి వచ్చాడు. నాలుగు లిఫ్టులూ బాగయ్యాయని, ఇక దిగాలని అన్నాడు. పార మోసుకొస్తానని రాకేష్ పింకీని బతిమాలి తీసుకున్నాడు. అది దాదాపు వాడంత పొడుగు. లిఫ్టు దగ్గరకు చేరాక చెప్పు ఊడింది. చెప్పు సరిచేసుకోవడానికి పారను కింద పడేశాడు. అది వెళ్లి గడపకు అడ్డంగా పడింది.

తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పిల్లలు పారను చూశారు, ఆగారు. కాఫీ కప్పుతో డాబా చూద్దామని వచ్చి దిగబోతున్న చలపతిరావు వాళ్ల వెనక ఆగాడు. టిఫిన్ సంచి అమ్మాయి ఆయన వెనక ఆగింది. తలుపు మూసుకోబోయి, కర్రకు తగిలి, మళ్లీ తెరుచుకుని కీచుమంది. ఎవరూ కదల్లేదు.

"ఎక్కండయ్యా, ఏమాయె?" అంటూ సాయిచంద్ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చి పార మీదుగా కాలెత్తాడు.

రాకేష్ ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి చెప్పు లేకుండా, రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. "దాటొద్దు సార్. తాత తియ్యాలె."

పింకీ వెనక్కి తిరిగి డాబా మీదికి కేకేసింది. పిట్టగోడ దగ్గర నర్సింహ ఇంకా నీరడి మాన్యం ఎక్కడుండేదో వెతుక్కుంటున్నాడు. వస్తున్నానని చెయ్యి ఊపాడు కాని వెంటనే రాలేదు.

సాయిచంద్ ఎత్తిన కాలు ఎత్తినట్టే కాసేపు గాల్లో ఉంచాడు. చలపతిరావు కాఫీ ఒక గుటక తాగాడు. సాయిచంద్ కాలు తెచ్చి ఇవతలే పెట్టాడు.